కొరియా పూత పూసిన అమెరికా సరుకేనా?

‘కె-పాప్ డీమన్ హంటర్స్’ 2025 జూన్ 20న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన యానిమేషన్ సినిమా. రూమీ, మీరా, జోయీ అనే ముగ్గురమ్మాయిల పాటల బృందం పేరు ‘హంట్రిక్స్’. వేదికెక్కితే వాళ్లు ప్రపంచమంతా అభిమానులున్న తారలు, దిగితే దయ్యాలను వేటాడే యోధులు. వాళ్ల పాటా, ఆ పాటకు ఊగే జనం గుండె చప్పుడూ కలిసి ‘హోన్‌మూన్’ అనే కనిపించని కవచాన్ని నేస్తాయి. ఆ కవచాన్ని చింపడానికి దయ్యాల రాజు గ్వీమా ఐదుగురు అందగాళ్ల బృందాన్ని పోటీకి దించుతాడు. ఆ ‘సాజా బాయ్స్’కు నాయకుడు జిను, నాలుగు వందల ఏళ్లనాటి పాపాన్ని మోస్తున్నవాడు. రూమీ ఒంటి మీద కూడా దయ్యాలకుండే మచ్చలే ఉన్నాయన్నది కథలోని ముడి. విడుదలైన రెండు నెలలకే ఇది నెట్‌ఫ్లిక్స్ చరిత్రలో అత్యధికంగా చూసిన సినిమా అయింది. ఇందులోని ‘గోల్డెన్’ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

సినిమా ఎంత పైకి వెళ్తే దాని మీద ఒక తీర్పు అంత గట్టిపడింది. ఇది కొరియా సినిమా కాదు, కొరియా పూత పూసిన అమెరికా సరుకు అన్నదే ఆ తీర్పు. తీసింది సోనీ పిక్చర్స్ యానిమేషన్, డబ్బు పెట్టింది నెట్‌ఫ్లిక్స్, మాటలు ఇంగ్లిషు, పాటల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు. రాక్షసులను వేటాడే అమ్మాయిల కథ ‘సైలర్ మూన్’లోనూ ‘బఫీ’లోనూ చూసిందే. గింబాప్, రామ్యొన్ వంటకాలు, సియోల్‌లోని నమ్సాన్ టవర్, నల్ల టోపీలు పైన అలంకరణగా చల్లారని ఈ వాదం. హాలీవుడ్‌ను అనుమానించేవాళ్లూ దీన్నే చెప్పారు. ఇంత పని మన స్టూడియోలు ఎందుకు చేయలేకపోయాయని దక్షిణ కొరియా పత్రికల్లో బాధపడినవాళ్లూ దీన్నే మరో గొంతుతో చెప్పారు. ఇద్దరూ ఒక అంచనా మీద నిలబడ్డారు: సినిమాను ఎక్కడ తీశారో, ఎవరి చెక్కు మీద తీశారో తెలిస్తే అది ఎవరిదో తెలిసిపోతుందని. ఆ అంచనా తప్పు. ఈ సినిమా విషయంలో మరీ తప్పు.

మొదట ఆ కొలబద్దనే పట్టుకుని చూడాలి. స్టూడియోది కాలిఫోర్నియా. దాని యజమాని టోక్యోలోని సోనీ గ్రూప్. బొమ్మలకు ప్రాణం పోసిన సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్ పని ప్రధానంగా కెనడాలో సాగింది. ఇద్దరు దర్శకుల్లో మ్యాగీ కాంగ్ సియోల్‌లో పుట్టి టొరంటోలో పెరిగారు, క్రిస్ ఆపెల్‌హాన్స్ అమెరికన్. అంటే పాస్‌పోర్టు చూసి జాతి తేల్చాలనుకుంటే సినిమా అమెరికాది అని కూడా తేలదు. జపాను, కెనడా, అమెరికా తలా ఒక ముక్క పంచుకోవలసి వస్తుంది.

ఇదే కొలబద్దను తిరగేసి పెడితే సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికా మధ్యతరగతి కుటుంబాన్ని ఆటపట్టించే ‘ద సింప్సన్స్’ బొమ్మలను దశాబ్దాలుగా గీసింది సియోల్‌లోని ఏకామ్ స్టూడియో చిత్రకారులు. ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’ ధారావాహికకు బొమ్మలు కదిలించిందీ కొరియా స్టూడియోలే. హోమర్ సింప్సన్ కొరియావాడని ఇంతవరకు ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. గీసిన చెయ్యి కొరియాదైనా అందులో నవ్వుకు పునాది అమెరికా. ఆ ఇంగితం ‘సింప్సన్స్’ దగ్గర అందరికీ ఉంది. ‘డీమన్ హంటర్స్’ దగ్గరికి వచ్చేసరికే అది మాయమవుతోంది.

భాష గురించిన అభ్యంతరం కె-పాప్ చరిత్ర తెలియక వచ్చేది. కొరియా పాప్ ఏనాడూ గడప లోపలే కూర్చున్న సంగీతం కాదు. కొరియా యుద్ధం తర్వాత 1950లలో కొరియా గాయకులకు తిండి పెట్టింది అమెరికా సైనిక శిబిరాల్లోని వేదికలు. ఇ నాన్యోంగ్ అనే ప్రసిద్ధ గాయని తన కూతుళ్లలో ఇద్దరికీ, అన్న కూతురికీ ఇంగ్లిషు పాటలు నేర్పి ఆ వేదికలెక్కించింది. ‘కిమ్ సిస్టర్స్’గా పేరొందిన ఆ ముగ్గురు 1959లో లాస్ వేగాస్ చేరారు. ఎడ్ సల్లివన్ టెలివిజన్ ప్రదర్శనలో మళ్లీ మళ్లీ కనిపించారు. ఇ నాన్యోంగ్ తాను స్వయంగా 1930ల చివరలో ‘జొగోరి సిస్టర్స్’ బృందంలో పాడినావిడే. సినిమా మొదట్లో తరతరాల వేటగత్తెల త్రయాలు వరుసగా కనిపించే చోట ఈ రెండు బృందాలూ గుర్తుకొస్తాయి. కొరియా పాటల చరిత్ర తెలిసినవాళ్లకు ఆ కొద్ది క్షణాలు ఒక వంశవృక్షంలా కనబడతాయి. ‘పూత’ అన్నవాళ్లు ఆ చోటు గమనించినట్టు లేదు.

1990ల తర్వాతి సంగతి మరీ స్పష్టం. ఎస్.ఇ.ఎస్. బృందానికి 1998లో పేరు తెచ్చిన ‘డ్రీమ్స్ కమ్ ట్రూ’ బాణీ ఫిన్లండ్‌కు చెందిన నైలాన్ బీట్ బృందానిది. గర్ల్స్ జెనరేషన్ 2009లో పాడిన ‘జీనీ’ నార్వే స్వరకర్తల చేతి పని. 2020లో బి.టి.ఎస్.ను తొలిసారి హాట్ 100 శిఖరానికి చేర్చిన ‘డైనమైట్’ మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లిషే, రాసింది డేవిడ్ స్టూవర్ట్, జెసికా అగోంబార్. ఆ పాటను కె-పాప్ లెక్కలోంచి తీసేయాలని కొరియాలో ఎవరూ పట్టుబట్టలేదు. ‘గోల్డెన్’ దగ్గరికొస్తే రచయితల పట్టికలో ఈజే, మార్క్ సోనెన్‌బ్లిక్, టెడ్డీ, ‘24’, సియోల్‌కు చెందిన ‘ఇడో’ త్రయం ఉన్నారు. టెడ్డీ అంటే బ్లాక్‌పింక్ బృందం పాటల వెనకున్న నిర్మాత. సినిమాలో రూమీ పాట గొంతు ఈజేదే. ఆమె కె-పాప్ తారలను తయారుచేసే ఎస్.ఎం. సంస్థలో చిన్నప్పటి నుంచి పదేళ్లకు పైగా శిక్షణ పొంది, వేదికెక్కే అవకాశం రాక బయటికొచ్చి పాటలు రాయడం మొదలుపెట్టిన మనిషి. రెడ్ వెల్వెట్ పాడిన ‘సైకో’ రాసినవారిలో ఆమె ఒకరు. ఇది కె-పాప్‌ను అనుకరించిన సంగీతం కాదు. కె-పాప్ తయారుచేసే చేతులే తయారుచేసిన సంగీతం.

ఇక అసలు ఆరోపణ: కొరియా ఇక్కడ పూత మాత్రమే, గీకేస్తే లోపల ఏ దేశానికైనా సరిపోయే కథ ఉంటుందని. గీకి చూడాల్సిందే.

కథ నడవాలంటే ఒక నమ్మకం కావాలి: పాట దయ్యాన్ని ఆపుతుందని. ‘బఫీ’లో ఆ పని కొయ్యమేకు చేస్తుంది, ‘సైలర్ మూన్’లో మంత్రదండం. పాటా నాట్యమూ పూనకమూ కలిసిన కర్మకాండతో చచ్చినవాళ్ల లోకానికీ బతికినవాళ్ల లోకానికీ మధ్య గడపను కాపాడే స్త్రీ కొరియాలో వేల ఏళ్లుగా ఉంది. ఆమె పేరు ముదాంగ్, ఆమె జరిపే క్రతువు గుత్. గుత్‌లో ముదాంగ్ ఒక్కో ఘట్టానికి ఒక్కో దేవత దుస్తులు మార్చుకుంటుంది. జాంగ్గు డప్పు దరువుకు ఎగురుతుంది, గజ్జెల గుత్తి ఊపుతుంది, చేతికత్తులు తిప్పుతుంది, పాడుతుంది. చుట్టూ చేరిన ఊరు చూసి ఊరుకోదు. చప్పట్లు కొడుతుంది, ఏడుస్తుంది, బదులు పలుకుతుంది. దుస్తులు మార్చడం, దరువు, ఎగరడం, జనం ఊగిపోవడం ఒకచోట చేర్చితే అదే స్టేడియం కచేరీ. సినిమాలో మొట్టమొదటి వేటగత్తెలు ముదాంగ్‌లుగానే కనిపిస్తారు. జోయీ విసిరే కత్తులు ముదాంగ్ వాడే షిన్‌కల్. రూమీ ఖడ్గానికి ఆధారం పులి సంవత్సరం, పులి నెల, పులి దినం, పులి గడియ కలిసినప్పుడు జొసోన్ రాజవంశ కాలంలో దుష్టశక్తుల మీదికి పోతపోసిన సాఇంగోమ్.

కె-పాప్ తారను ముదాంగ్ వారసురాలిగా నిలబెట్టడమే ఈ సినిమాకు మూల ఊహ. దీన్ని తీసేస్తే అమ్మాయిలు పాడటానికి కారణం పోతుంది, అభిమానుల గుండెలతో కవచానికి సంబంధం పోతుంది, ఎదుటి బృందం కత్తులతో కాక పాటతో ఎందుకు రావాలో అర్థం కాదు. అలంకరణ అయితే తీసేశాక ఇల్లు నిలబడాలి. ఇక్కడ కూలిపోతుంది.

ఆ ఊహకు చరిత్రలో బరువు కూడా ఉంది. జొసోన్ సమాజం ముదాంగ్‌లను అట్టడుగు జనంలో లెక్కగట్టింది. జపాను పాలనలో గుత్‌ను మూఢనమ్మకమని అణిచారు. 1970ల సెమావుల్ గ్రామాభివృద్ధి ఉద్యమం రోజుల్లో స్వదేశీ ప్రభుత్వమే గ్రామదేవతల గుళ్లను పీకించింది. తర్వాత అదే రాజ్యం దాన్ని వారసత్వ సంపదగా గుర్తించింది. జేజు ద్వీపంలోని చిల్‌మొరిదాంగ్ యొంగ్‌దుంగ్‌గుత్ 2009లో యునెస్కో జాబితాకెక్కింది. ఇంత అవమానం మోసిన స్త్రీ రూపాన్ని తెచ్చి కొరియా ఎగుమతుల్లో అత్యంత మెరుపున్న తారతో కలిపిన ఆలోచన ఏ మార్కెటింగ్ విభాగానికీ తట్టేది కాదు.

తక్కిన వివరాలు త్వరగా చెప్పుకోవచ్చు. జినుకూ రూమీకీ మధ్య కబుర్లు మోసే వెర్రి నీలం పులి, నెత్తిన చిన్న టోపీ పెట్టుకున్న ఆరుకళ్ల పక్షి జొసోన్ చివరి కాలపు మిన్హ్వా జానపద చిత్రాల్లోంచి వచ్చిన పులీ మాగ్‌పై పక్షీ. ఆ బొమ్మల్లో దొరతనం చేసేవాళ్లను బుర్రలేని పులిగా, సామాన్యుణ్ణి తెలివైన పక్షిగా చూపించారని చెబుతారు. సినిమాలో ఆ టోపీ పులి కోసం కుట్టిందే, పక్షి లాక్కుంది. ఆ పాత వెటకారం ఈ ఒక్క చిన్న తుంటరితనంలో మిగిలింది. చూసేవాడికి చరిత్ర తెలియకపోయినా నవ్వొస్తుంది, తెలిస్తే రెట్టింపు నవ్వొస్తుంది. ఇక హోటల్ బల్ల మీద చెంచాల కింద కాగితం రుమాలు పరవడం, సోఫా ఉండగా నేల మీద కూర్చుని దానికి వీపు ఆనించడం వంటివి పుస్తకాలు చదివి పట్టుకునేవి కావు. ఆ ఇళ్లల్లో పెరిగినవాళ్ల చేతికే అవి దొరుకుతాయి.

స్వచ్ఛమైన కొరియా అనే మాటనూ కాస్త తడిమి చూడాలి. సాజా బాయ్స్ చివరి కచేరీలో వేసుకున్న నల్ల గాత్ టోపీ, నల్ల అంగీ యమదూతల సంప్రదాయ వేషమని అందరూ అనుకుంటారు. పాత చిత్రాల్లో యమదూతలు రంగురంగుల అధికారుల దుస్తుల్లో, సైనికుల దుస్తుల్లో కనిపిస్తారు. పాలిపోయిన మొహం, నల్ల టోపీ రూపం జనం మనసులో స్థిరపడింది కె.బి.ఎస్. టెలివిజన్‌లో 1970లలో మొదలైన ‘జొన్సొల్ ఉయి గొహ్యాంగ్’ జానపద కథల ధారావాహికతో. ఒక టెలివిజన్ దర్శకుడి కల్పన యాభై ఏళ్లలో పురాతన సంప్రదాయమై కూర్చుంది. టొరంటోలో పెరిగిన దర్శకురాలు సంప్రదాయాన్ని మార్చింది అనేవాళ్లు ఆ సంప్రదాయాన్ని సియోల్ టెలివిజన్ ఎలా మార్చిందో కూడా చెప్పాలి. బతికున్న సంస్కృతి చేసే పనే అది.

సినిమాలో తప్పు పట్టవలసిన చోటు నిజంగా ఒకటుంది. విచిత్రమేమంటే ‘పూత’ వాదులు దాని జోలికే పోలేదు. గుత్‌లో దయ్యాన్ని నరకరు. దాని గోడు వింటారు, అన్నం పెడతారు, తీరని కసిని తీర్చి సాగనంపుతారు. కొరియా దయ్యాల్లో చాలావరకు అన్యాయంగా చచ్చినవాళ్లే. కథ మొదలయ్యేసరికి హంట్రిక్స్ మాత్రం దయ్యాలను కూరగాయల్లా తరుగుతుంటుంది. పాతాళంలో కూర్చున్న అగ్నిరాజు గ్వీమా, పైన వెలుగు కింద చీకటి అనే పొందిక ముదాంగ్ లోకం కన్నా క్రైస్తవ నరకానికి దగ్గర. ఇక్కడ హాలీవుడ్ వాసన వస్తుందంటే కాదనడానికి లేదు.

అయితే సినిమా తాను పెట్టుకున్న ఆ పద్ధతి మీద తానే తిరగబడుతుంది. బంగారు హోన్‌మూన్ కట్టి దయ్యాలను శాశ్వతంగా మూసేయాలన్న పాత గురువు సెలీన్ పథకం విఫలమవుతుంది. మచ్చలు దాచమని ఆమె రూమీకి నేర్పిన పాఠం ఆమె కళ్లముందే బెడిసికొడుతుంది. తల్లినీ చెల్లెలినీ ఆకలికి వదిలి తాను రాజమహల్ చేరుకున్న పాపం జినును పీడిస్తున్న దయ్యం. అతనికి విముక్తి దొరికింది ఎవరో నరికినందుకు కాదు, ఆ గోడు ఒకరు విన్నందుకు. చివరి పాటలో రూమీ మచ్చలతోనే నిలబడి పాడినప్పుడు కొత్త కవచం పుడుతుంది. దాచడం మాని బయటపెట్టి కసి విప్పడమే గుత్ చేసే పని. పేరులేని దయ్యాల మందకు మాత్రం ఆ న్యాయం అందలేదు. అవి చివరిదాకా కత్తికే బలి. ఇది రచనలో లోపం. మీరా, జోయీల గతాలను రెండు మాటల్లో తేల్చేయడం ఇంకో లోపం. వీటికి జవాబు చెప్పవలసింది స్క్రీన్‌ప్లే. స్టూడియో ఏ దేశంలో ఉందన్నదానితో వీటికి పని లేదు.

ఇది కె-పాప్‌కు ప్రకటన చిత్రమన్న మాట కూడా నిలవదు. ‘సోడా పాప్’తో తీపి పంచిన అబ్బాయిలే ‘యువర్ ఐడల్’లో అభిమానుల ఆత్మలు మింగుతారు. ఆ పాట లాటిన్ మృత్యుగీతంతో మొదలవుతుంది, ఆరాధన అన్న మాటకు ఎంత చీకటి అర్థముందో అంతా పిండుతుంది. ఇటువైపు సెలీన్ శిక్షణ లోపాలు కనబడనివ్వని ఐడల్ పరిశ్రమ శిక్షణకు అచ్చంగా ప్రతిబింబం. పదేళ్లు శిక్షణ పొంది బయట నిలబడ్డ ఈజే గొంతుతో రూమీ పాడటం కాకతాళీయమే కావచ్చు, కానీ ఆ నొప్పి అరువుది కాదు. పరిశ్రమను ప్రేమిస్తూనే దాని గుండెలో కత్తి దించడం ప్రకటనలు చేసే పని కాదు.

డబ్బు మాట మిగిలింది. ఇక్కడ విమర్శకుల కోపంలో నిజముంది. సోనీ 2021లో నెట్‌ఫ్లిక్స్‌తో చేసుకున్న ఒప్పందం కింద ఈ సినిమా అటు వెళ్లింది. పత్రికలు రాసిన లెక్క ప్రకారం ఖర్చు దాదాపు పది కోట్ల డాలర్లు, సోనీకి దానిపైన దక్కింది దాదాపు రెండు కోట్ల డాలర్లు. ఆ తర్వాత వచ్చిన పంటలో అధికభాగం నెట్‌ఫ్లిక్స్ గాదెలోకే. కొరియాకు పరోక్ష లాభం వచ్చింది. సియోల్‌లోని జాతీయ మ్యూజియం సందర్శకులు 2025లో తొలిసారి 50 లక్షలు దాటారు, పులి-పక్షి బొమ్మలున్న వస్తువులు దుకాణంలో నిలవలేదు. అసలు సొత్తు మాత్రం కొరియాది కాదు.

కానీ దీన్నుంచి సినిమా కొరియాది కాదని తేల్చేవాళ్లు ‘స్క్విడ్ గేమ్’ దగ్గర ఆగాలి. అది 2021లో హ్వాంగ్ దోంగ్-హ్యొక్ రాసి తీసినది, కొరియాలో, కొరియా నటులతో, కొరియా భాషలో. అప్పుల్లో మునిగిన కొరియా కుటుంబాల గోడు, కొరియా పిల్లల వీధి ఆటలు అందులో ఉన్నాయి. హక్కులు మాత్రం నెట్‌ఫ్లిక్స్‌వే. సొత్తు ఎవరిదో సంస్కృతి వారిదే అయితే ‘స్క్విడ్ గేమ్’ కూడా అమెరికా సరుకే. ఆ మాట అనడానికి ఎవరూ సిద్ధంగా లేరు. కాబట్టి ఇవి రెండు వేర్వేరు లెక్కలు. ఒకటి ఒప్పంద పత్రాలది. కొరియా నిర్మాతలు, పెట్టుబడిదారులు, ప్రభుత్వం కూర్చుని తేల్చుకోవలసింది అది. చిన్నపిల్లల కార్టూన్లు, పరాయి స్టూడియోల కూలిపని దాటి పెద్ద యానిమేషన్ కథలకు డబ్బు పెట్టే గుండె సియోల్‌లో ఎందుకు లేకపోయిందన్న ప్రశ్న కూడా అక్కడిదే. రెండోది సినిమా లోపలి సంగతి. మొదటిదాని మీది కసిని రెండోదాని మీద తీర్చుకోవడం విమర్శ అనిపించుకోదు.

ఆ కొలబద్ద ఎంత పనికిమాలినదో 2025వ సంవత్సరమే ఇంకో సినిమాతో చూపించింది. ఏప్రిల్‌లో అమెరికా థియేటర్లకు వచ్చిన ‘ద కింగ్ ఆఫ్ కింగ్స్’ దర్శకుడు జాంగ్ సొంగ్-హో, చేసింది సియోల్‌లోని మోఫాక్ స్టూడియో. చార్లెస్ డికెన్స్ తన కొడుక్కి ఏసుక్రీస్తు జీవితం చెప్పడం అందులోని కథ. కెనెత్ బ్రానా, ఆస్కర్ ఐజక్ వంటివాళ్లు ఇంగ్లిషులో గొంతులిచ్చారు. కొరియా డబ్బింగ్‌లో డికెన్స్‌కు గొంతిచ్చింది లీ బ్యుంగ్-హున్, అంటే గ్వీమాకు గొంతిచ్చిన నటుడే. అమెరికాలో ఆ సినిమా దాదాపు ఆరు కోట్ల డాలర్లు వసూలు చేసింది. స్టూడియో చిరునామాతో కొలిస్తే లండన్ రచయితా బెత్లెహేమ్ శిశువూ ఉన్న ఆ సినిమా కొరియాది, ముదాంగ్‌లూ మిన్హ్వా పులీ ఉన్న ‘డీమన్ హంటర్స్’ పరాయిది అవుతాయి. అలా తేల్చే కొలబద్ద సినిమాలను కొలవడానికి పనికిరాదు.